కుండ, జాడీ, పీపా: పులియబెట్టు పాత్రల పూర్వకథ

ఉగాదినాడు కొత్తకుండ తెచ్చి, దానికి పసుపు కుంకుమలు పెట్టి, అందులో పచ్చడి కలపడం తెలుగునాట ఎన్నో ఇండ్లలో ఆచారం. బెంగళూరు చేరిన మన కుటుంబాలలో ఆ కుండ స్థానాన్ని స్టీలు గిన్నె ఆక్రమించి చాలా కాలమైనది. ఆవకాయ జాడీ స్థానాన్ని ప్లాస్టిక్ డబ్బా ఆక్రమించినది. ఇది ఒక ప్రక్క. మరొక ప్రక్క, ఇదే నగరంలో మన యువకులు కొందరు బార్లీ రసాన్ని ఇంట్లోనే పులియబెట్టి బీరు చేసుకొనే విద్యపై మోజు పడుతున్నారు. వారిని వేధించే ప్రశ్నలు ముఖ్యంగా రెండు: పాత్ర ఏది మంచిది? దాని మూతి ఎట్లా బిగించాలి?

బీరు మంచిదా చెడ్డదా అనే వాదం ప్రస్తుతానికి ప్రక్కన పెట్టుదాము. చివర ఆ మాటా వస్తుంది. ఈ రెండు ప్రశ్నలు మాత్రం కొత్తవి కావు. మన అవ్వలు తరవాణి కుండ దగ్గరా, మన వైద్యులు అరిష్టపు కడవ దగ్గరా, గీతగాండ్రు తాటిచెట్టు మీదా ఇవే ప్రశ్నలు వేసుకొని, ఎవరి జవాబు వారు కనిపెట్టుకున్నారు. ఆ జవాబులను ఒకచోట చేర్చి చూపడమే మా ప్రయత్నం.

ముందు పులుపు మర్మం కొంచెం చెప్పుకోవాలి. చక్కెర ఉన్న ఏ రసాన్నైనా కంటికి కనబడని మధుశిలీంధ్రం, అనగా ఈస్టు, తిని రెండు వస్తువులు విడుస్తుంది: ఒకటి మద్యసారం, రెండవది బొగ్గుపులుసు వాయువు. 180 గ్రాముల ద్రాక్షచక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 92 గ్రాముల మద్యసారమూ, 88 గ్రాముల వాయువూ పుడతవి. 5 శాతం మద్యసారం గల బీరు 20 లీటర్లు కావాలంటే ఒకటిన్నర కిలో చక్కెర పులియాలి. దానినుండి వెలువడే వాయువు సుమారు 400 లీటర్లు! ఇంత వాయువుకు దారి ఇవ్వని పాత్ర పగిలి తీరుతుంది. అట్లాగని మూతి తెరచి ఉంచితే బయటి గాలితో పాటు మరొక సూక్ష్మజీవి చేరి, మద్యసారాన్ని వెనిగరుగా మార్చివేస్తుంది. లోపలి గాలి పోవాలి, బయటి గాలి రాకూడదు. పులియబెట్టు పాత్రల చరిత్ర అంతా ఈ చిక్కుముడి విప్పడానికి మనిషి పడిన పాటే.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ ఈ మర్మాన్ని పరిశోధించి, బీరును గురించిన తన గ్రంథాన్ని 1876లో ప్రకటించినాడు. కారణం తెలిసినది అప్పుడు. ఉపాయం మాత్రం అంతకు వేల సంవత్సరాల ముందే కుండలో కుదిరినది.

తరవాణి కుండ, కల్లు లొట్టి

మన ఇండ్లలో అన్నింటికన్న సాదాపాత్ర తరవాణి కుండ. కోస్తా జిల్లాలలో అన్నాన్ని నీళ్ళలో పులియబెట్టి, నిమ్మాకో దబ్బాకో వేసి, కుండను మూలన కుదురు మీద కూర్చోబెట్టేవారు. ఏరోజుకారోజు కొంత తీయడం, కొంత పోయడం. ఆ కుండకు బిగింపు లేదు. మీద ఒక మూకుడు మాత్రమే. అందులో పనిచేసేది ముఖ్యంగా పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు. వాటి పులుపే చెడుగును దగ్గరకు రానీయదు. రాయలసీమలోనూ, ఈ కన్నడ సీమలోనూ రాగి అంబలి కథ కూడా ఇదే.

కుండను ఎన్నుకోవడంలో మన స్త్రీలకు ఒక శాస్త్రమే ఉండేది. వ్రేలి కణుపుతో తట్టి చూసేవారు. ఖంగుమంటే బాగా కాలిన కుండ. బొద్దుగా పలికితే పచ్చిదో, పగులు గలదో. తరువాత నీళ్ళు నింపి ఒక రాత్రి ఉంచేవారు. అడుగున చెమ్మ సమానంగా పట్టితే మంచిది. ఒకేచోట బొట్లు కారితే పనికిరాదు. గంజి పోసి మరిగిస్తే మట్టిలోని సన్నని రంధ్రాలు పూడుకొంటవి. పాతకుండ తోడు త్వరగా పడుతుందని, దాని గోడలలో పాతపులుపు నిలిచి ఉంటుందని వారికి తెలుసు. అందుకే తరవాణి కుండను వేరే పనికి వాడనిచ్చేవారు కారు.

ఇక కల్లు లొట్టి సంగతి వేరు. తాటి, ఈత చెట్ల రసం చెట్టు నుండి దిగేటప్పుడు తియ్యగానే ఉంటుంది. కొన్ని గంటలలోనే పొంగు మొదలవుతుంది. లొట్టి గోడలకు అంటుకొని ఉన్న పాత కల్లే దానికి తోడు. తియ్యని నీరా కావలెనన్నవాడు లొట్టి లోపల సున్నం పూస్తాడు. సున్నపు ఘాటుకు ఈస్టు తల ఎత్తదు. చూడండి: చెట్టు అదే, రసం అదే, లోపలి పూతను బట్టి ఒకటి పానకం, మరొకటి కల్లు! పాత్ర గోడ ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు. లొట్టికి ఎవరూ గట్టిమూత వేయరు. కల్లు నిలవకు కాదు, ఆ పూట వాడకానికి. దానికి బిగింపు పెట్టడం అంటే ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

కౌటిల్యుడు ఇచ్చిన నాలుగు దినాలు

ఇంట్లో మద్యం కాచుకోవడం పడమటి దేశాల వేడుక అని తలచేవారు అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్ష ప్రకరణం చూడవలసి ఉంటుంది. మద్యం మీద రాజాధికారం ఎంత గట్టిగా ఉండాలో చెప్పిన కౌటిల్యుడే, గృహస్థులు తమ శుభకార్యాలకు తెల్లని సురను, మందు కొరకు అరిష్టాన్ని తామే చేసుకోవచ్చునన్నాడు. ఉత్సవాలకు, తిరునాళ్ళకు, యాత్రలకు నాలుగు దినాల అనుమతి కూడ ఇచ్చినాడు. మేదకమనే పానీయానికి కొలతలు వ్రాసినాడు: ఒక ద్రోణం నీరు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం. కిణ్వమంటే తోడు, నేటి మాటలో ఈస్టు ముద్ద. ఈ సురాకిణ్వాల పోగు పనిని స్త్రీలకు, పిల్లలకు అప్పగించినాడు. అనగా ఈ విద్య ఆనాడు వంటింటి చేతులలోనే ఉన్నదన్నమాట.

ఈ గ్రంథానికీ మనం నివసించే రాష్ట్రానికీ ఒక సంబంధం ఉన్నది. శతాబ్దాలుగా కనుమరుగై ఉండిన అర్థశాస్త్ర తాళపత్ర ప్రతిని మైసూరు ప్రాచ్యగ్రంథాలయంలో గుర్తించినవారు పండితుడు రుద్రపట్నం శ్యామశాస్త్రిగారు. అది 1905. ఆయన సంస్కృత మూలాన్ని 1909లో ప్రకటించినారు. ఆయన ఇంగ్లీషు అనువాదం 1915లో బెంగళూరు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయినది. ఆ 1915వ సంవత్సరమే ఈ నగర చరిత్రలో మరొక కారణంగా కూడ నిలిచిపోయినది. ఆ సంగతి కొంచెం ఆగి చెప్పుకుందాము.

వైద్యుని కడవ

మూతి బిగించే విద్యను పరాకాష్ఠకు తెచ్చినవారు మన ఆయుర్వేద వైద్యులు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం మొదలైనవి నిజానికి పులిసిన కషాయాలే. అందులో మద్యసారం బయటి నుండి కలపరు, లోపలే పుడుతుంది. సాధారణంగా 5 నుంచి 12 శాతం వరకు ఉంటుంది. ధాతకీ పుష్పాలు వాటికి తోడు.

వారి పద్ధతి వినదగినది. మొదట మట్టికడవ లోపల నెయ్యి పట్టిస్తారు. మట్టి రంధ్రాలు మూసుకొంటవి, కషాయం పీల్చుకొనిపోదు. తరువాత పిప్పలి వంటి ద్రవ్యాలతో ధూపం వేస్తారు. ఈనాటి బీరు తయారీవాడు మందునీళ్ళతో పాత్ర కడుగుతాడే, ఆ శుద్ధి అన్నమాట. కడవను అంచు వరకు నింపరు. నురగ పొంగడానికి పావువంతు ఖాళీ ఉంచుతారు. మొదటి పొంగు సాగిన తరువాత మూకుడు బోర్లించి, ఆ సందున మట్టిలో తడిపిన గుడ్డపట్టీలను పొరలు పొరలుగా చుట్టి మెత్తుతారు. ఆపై కడవను ధాన్యపు రాశిలోనో, భూమిలో గోతిలోనో పక్షం, మాసం పాతిపెడతారు.

ధాన్యపు రాశి ఎందుకు? పగలు రాత్రి ఒకే వెచ్చదనం నిలవడానికి. వేడి ఎక్కితే పులుపు వికటిస్తుంది, చలి తగిలితే నిద్రపోతుంది. మరి మట్టిబిగింపు వాయువును ఎట్లా పోనిస్తుంది? ఎండిన మట్టి అంచున సన్నని బీటలలోనుంచి లోపలి ఒత్తిడి వల్ల కొద్దికొద్దిగా బయటికి పోతుంది. లోపలినుండి ఎల్లప్పుడూ బయటికి తోపుడు ఉన్నంతకాలం బయటి గాలికి ప్రవేశం లేదు. పులియడం ముగిసిందా లేదా అని తెలుసుకోవడానికి వెలిగించిన వత్తిని కడవ మూతి లోపలికి చూపేవారు. ఆరిపోతే వాయువు ఇంకా పుడుతున్నది. నిలిచి వెలిగితే పని ముగిసినది. చెవి ఒగ్గి వినడం మరొక పరీక్ష: బుసబుస వినబడితే ఆగాలి.

ఇటువంటి ఉపాయమే లోకంలో అనేక జాతులు కనిపెట్టినవి. ప్రాచీన ఈజిప్టువారు జాడీల మూతులను నైలునది బురదతో బిగించి ముద్ర వేసేవారు. జార్జియా దేశస్థులు ద్రాక్షరసపు బానలకు లోపల తేనెమైనం పట్టించి, మెడదాక భూమిలో పాతి, నేటికీ వాడుతున్నారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించినది. మన ధాన్యపు రాశికి అటువంటి కీర్తి ఇంకా రాలేదు.

సముద్రం దాటిన జాడీ

మట్టికుండ చెమరుస్తుంది, నిలవపచ్చడికి చెమర్చని పాత్ర కావాలి. అదే జాడీ. కన్నడిగులు దీనిని భరణి అని కూడ అంటారు. మెరుగుపూత పెట్టి తీవ్రమైన మంటలో కాల్చిన ఈ జాతి పాత్రలకు హిందీ, ఉర్దూ భాషలలో మర్తబాన్ అనే పేరు కలదు. అది బర్మాదేశపు రేవుపట్టణం పేరు. పెద్దజాడీలు అక్కడినుండి ఓడలలో దేశదేశాలకు పోయేవి. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబన్ బతూతా, సముద్రయాణం కొరకు అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరవేసి నింపిన మర్తబాన్లు తనకు కానుకగా వచ్చినవని వ్రాసినాడు. మామిడికాయ ఊరగాయ జాడీతో ఊరు విడిచి పోవడం మనతోనే పుట్టిన అలవాటు కాదన్నమాట! కోరంగి రేవు నుండి రంగూను పోయిన మన తెలుగువారికి అక్కడ కోరంగీలనే పేరే స్థిరపడినది గదా.

ఆవకాయ జాడీ బిగింపు రెండు అంతస్తులది. మొదటిది నూనె: ముక్కల పైన వ్రేలెడు మందాన తేరి నిలిచిన నూనె గాలికి అడ్డుగోడ. రెండవది వాసెన: జాడీ మూతికి ఉతికిన తెల్లగుడ్డ పరచి మెడచుట్టూ దారంతో బిగించి కట్టడం. మూడవనాడు వాసెన విప్పి తిరగగలపడంలో రుచితో పాటు వాయువుకు దారి ఇవ్వడం కూడ ఉన్నది. చైనాలో సిచువాన్ ప్రాంతంవారి ఊరగాయ జాడీ మరొక అడుగు ముందుకు పోయినది. దాని మెడ చుట్టూ ఒక చిన్న కందకం ఉంటుంది. అందులో నీళ్ళు పోసి మూత బోర్లిస్తారు. లోపలి వాయువు నీటిలోనుంచి బుడగగా బయటపడుతుంది. బయటి గాలి నీటిని దాటి రాలేదు. ఇప్పుడు ఇంట బీరు చేసేవారు బుడ్డి మూతికి తగిలించే వంకరగొట్టపు నీటిమూత ఈ కందకానికి తమ్ముడే.

బెంగళూరు పీపా

ఇక మన నగరం సంగతి. 1809లో ఇక్కడ దండు ఏర్పడినది. తెల్ల సైనికులు ఉన్నచోట బీరు కావాలి. మొదట అది ఇంగ్లండు నుండి కొయ్యపీపాలలో నెలల తరబడి ఓడప్రయాణం చేసి వచ్చేది. లండన్ నగరంలోని హాడ్జ్‌సన్ కార్ఖానా, తరువాత బర్టన్ పట్టణపు కార్ఖానాలు హాప్స్ పూవులు దండిగా వేసి ఇండియాకు బీరు పంపి లాభాలు గడించినవి. క్రమేణ కసౌలీలోనూ, నీలగిరులలోనూ ఇక్కడే కాయడం ఆరంభమయినది. బీరు పులియడానికి చల్లదనం కావాలి. సుమారు 3000 అడుగుల ఎత్తున ఉన్న బెంగళూరు అందుకు అనుకూలం.

1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దేశస్థుడు దక్షిణాదిలోని ఐదు చిన్న బీరు కార్ఖానాలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించినాడు. పెద్ద పీపాలు ఎద్దుబండ్లపై సైనికులకు పోయేవి. హాగ్స్‌హెడ్ అనే ఆ పీపా 54 గాలన్లు, మన లెక్కలో సుమారు 245 లీటర్లు పట్టుతుంది. 1947లో విఠల్ మాల్యా ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరు అయినారు. ఆయన పేర నేడు పిలువబడే వీధి పూర్వపు గ్రాంట్ రోడ్డు. పాత కార్ఖానా స్థలంలో ఈనాడు యూబీ సిటీ మేడలు నిలిచి ఉన్నవి. అక్కడ కొలువులు చేసే మన పిల్లలలో ఎందరికి ఈ సంగతి తెలుసునో!

పీపా కూడ ఒక అద్భుతమే. ఓక్ కర్ర పలకలను వంచి, ఇనుపకట్లు బిగిస్తారు. జిగురు లేదు, మేకు లేదు. ఎండితే కారుతుంది, నీళ్ళలో నానితే పలకలు ఉబ్బి తమంత తాము అతుక్కుంటవి. దాని బిగింపు మరీ తెలివైనది. బీరు ఇంకా పొంగుతున్నంతకాలం పైరంధ్రంలో మెత్తని కొయ్యమేకు దిగగొడతారు. దాని పోగులలోనుంచి వాయువు జారిపోతుంది. పొంగు తగ్గినాక దానిని తీసి గట్టికొయ్య మేకు వేస్తారు. మన వైద్యుడు ముందు పొంగనిచ్చి తరువాత మట్టి మెత్తినట్లే!

పీపా తరువాత వచ్చినది సీసా. సీసాకు గాలి బిగింపులో కొత్త ఉపాయాలు 19వ శతాబ్దపు చివరి మాట. హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో సీసా మెడలో గాజుగోలీ పెట్టి, లోపలి వాయువే ఆ గోలీని మూతికి నొక్కి పట్టేటట్లు చేసినాడు. మన గోలీసోడా అదే. ఏ వాయువు పాత్రను పగులగొట్టగలదో దానినే మూతగా నియమించినాడు. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు బిళ్ళమూతకు హక్కు పొందిన తరువాత గోలీ వెనుకబడినది. మన ఊళ్ళలో మాత్రం అది ఇంకా ఠప్పుమంటూనే ఉన్నది.

తెలుసుకోవలసిన అపాయాలు

ఈ చరిత్ర నుండి నేటి ఇంటికి పనికివచ్చే మాటలు కొన్ని. పుల్లని వస్తువును కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచరాదు, చిలుము విషం. అల్యూమినియం ఉప్పుకు, పులుపుకు తినివేయబడుతుంది. అందమైన రంగుపూతల మట్టిపాత్రలన్నీ జాడీలు కావు. కొన్ని పూతలలో సీసపు లోహం ఉంటుంది, పులుపు దానిని కరగించి ఆహారంలో కలుపుతుంది. తిండికని చేసిన రాతిజాడీ, గాజు, మంచిరకం స్టీలు: ఈ మూడూ నమ్మదగినవి. ప్లాస్టిక్ తేలికే గాని గీతపడితే ఆ గీతలోనే చెడుగు కాపురం పెడుతుంది. అది గాలిని కూడ నెమ్మదిగా లోపలికి పోనిస్తుంది. అన్నింటికన్న మించి, పొంగు ముగియని రసాన్ని సీసాలో పోసి గట్టిగా బిరడా బిగించరాదు. సీసా పగిలితే ఆ గాజుముక్కలు కండ్లకే ఎసరు.

పిల్లలకు చెప్పవలసినది ఇంకొకటి కలదు. 1965 నాటి కర్ణాటక ఆబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇంట్లో బీరుకూ అదే వర్తిస్తుంది. కౌటిల్యుని నాలుగు దినాలు ఇప్పుడు లేవు. చట్టం వెనుక కన్నీటి కథలు ఉన్నవి. 1981లో ఈ బెంగళూరులోనే విషమద్యం త్రాగి 300 మందికి పైగా ప్రాణాలు విడిచినారు. వారిని చంపినది కుండలోని పులుపు కాదు. మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీసరుకు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని ఎదిరించి నిలిచినప్పుడు, వారి పోరాటం కూలిని, కాపురాన్ని మ్రింగే వ్యాపారం మీద. ఆ ఉద్యమం రాష్ట్రమంతా ప్రాకి, 1993లో సారా నిషేధానికి దారితీసినది. కర్ణాటకలో 2007లో సారా ఆగినది. కనుక పాత్రల విద్యను మెచ్చుకొనేటప్పుడు, ఆ పాత్రలోనిది ఎవరి ఇంటిని ఏమి చేసినదో కూడ మరువరాదు.

అయితే మద్యం మీది కోపంతో పులియబెట్టే విద్యనే పోగొట్టుకోవడం కూడ నష్టమే. తరవాణి, అంబలి, అరిష్టం, ఆవకాయ: వీటిలో ఏదీ సారా కాదు. ఈ విద్య పుస్తకాలలో కన్న చేతులలో ఎక్కువగా ఉన్నది. ఊరు విడిచి వచ్చిన కుటుంబాలలో ఒక తరం ఊరుకుంటే చాలు, ఆ చేతివాటం పోతుంది. కుండను తట్టి వినే చెవి, వాసెన కట్టే వ్రేళ్ళు, మూడవనాడు జాడీ విప్పాలన్న జ్ఞాపకం కొట్లో కొనదొరకవు.

బెంగళూరు పాతపేటలో కుంబారపేట అనే పేరు ఇంకా ఉన్నది. కుమ్మరుల పేట అని అర్థం. దండు ప్రాంతంలోని పాటరీ టౌన్‌లో కుమ్మరి కుటుంబాలు తరతరాలుగా చక్రం త్రిప్పుతున్నవి. ప్రమిదలకూ వినాయక ప్రతిమలకూ వారి వద్దకు పోయే మనవారు, ఈ సంవత్సరాదికి ఒక కుండ కొరకు కూడ పోవచ్చును. పిల్లలను వెంట తీసికొనిపోయి, కుండను వారి చేతికిచ్చి తట్టి చూడమనండి. ఖంగుమన్నదో, బొద్దుగా పలికినదో వారినే చెప్పమనండి. పచ్చడి తిన్నాక ఆ కుండను పారవేయక, గంజి మరిగించి, కాసిన్ని మెతుకులు, నీళ్ళు, ఒక నిమ్మాకు వేసి మూకుడు మూయండి. నాలుగు దినాలలో అది చెప్పే పాఠం మా వ్యాసం కన్న మేలుగా ఉంటుంది.